తెల్లారగట్ల పిలిచే చాట

"చిప్పు చిప్పు అని పట్నం కొలువు ఇడిసిపెట్టి అచ్చింది నా బిడ్డ. ఆఖరికి చేతికి చిప్ప రాకుంటె అదే సాలు!"

బుధవారం పొద్దున ఏడు గంటలకు, కోరుట్లలోని తన ఇంటి అరుగు మీద కూర్చుని, చాయ్‌లో రస్కు ముంచుతూ సాయిలు అన్న మాట ఇది. వీధి చివరి దాకా వినబడింది. ఆయన ఆటోకు సైలెన్సరు ఉంది గానీ ఆయనకు లేదు.

"చిప్ప ఎప్పుడో వచ్చింది బాపూ, ఇగో" అంటూ చిన్న కూతురు అక్షిత పెరట్లోంచి ఓ కొబ్బరిచిప్ప పట్టుకొచ్చింది. దాని కడుపులో చిన్న స్పీకరు కూర్చుని ఉంది.

"అబ్బ! చిప్పుకు చిప్పనే తొడిగినవా! ఎల్లీ, సూడే. కొబ్బరేమో మనం తింటిమి, పాటేమో ఇది పాడవట్టె."

భార్య ఎల్లవ్వ చూడలేదు. గడప పక్కన ఒళ్లో చాట పెట్టుకుని, తడిపిన తునికాకు కత్తిరిస్తోంది. ముప్పై ఐదేళ్లుగా బీడీలు చుట్టిన వేళ్లవి. నిద్రలో కూడా ఆగవు. దుప్పటి అంచు దొరికితే దాన్నే చుడతాయి.

సాయిలు ముప్పై ఏళ్లు తాటిచెట్లు ఎక్కి కల్లు దించాడు. మోకాళ్లు మొరాయించాక చెట్టెక్కే మోకు మూలకు పడింది. తాటి పోయి ఆటో వచ్చింది. ఇప్పుడు కోరుట్లకూ మెట్‌పల్లికీ మధ్య తిరుగుతాడు. సీటుకే కిరాయి, జోకులు ఉత్తవే.

అక్షితకు ఇరవై ఆరేళ్లు. హైదరాబాదులో మూడేళ్లు ఎలక్ట్రానిక్స్ కొలువు చేసి, ఆరు నెలల కింద సంచీ సర్దుకుని వచ్చేసింది. పెరట్లో ఒకప్పుడు కల్లు కుండలు పెట్టిన కొట్టాన్ని ఊడ్చి, బల్ల వేసి, వాయిద్యాలు చేయడం మొదలుపెట్టింది. సంగీతం వచ్చినవాళ్ల కోసం కాదు, రానివాళ్ల కోసం. దాని పేరు చాటపాట. బీడీల చాటలాగే ఒళ్లో పెట్టుకోవాలి. మీద రాగితీగ కలిపి నేసిన గుడ్డ బిగించి ఉంటుంది. వేలు ఎక్కడ ఆనితే అక్కడో చప్పుడు. చప్పుళ్లన్నీ ఇంటివే: చాట అంచు మీద వేలి దెబ్బ, కత్తెర చిటుకు, కల్లు కుండ బుడబుడ, తాటాకు గలగల. ఎలా ముట్టినా తప్పు రాదు. తప్పు అనే మెట్టే అందులో పెట్టలేదు. ముందు సరదా రావాలి, సరిగమలు తరవాత వస్తాయి అంటుంది అక్షిత.

"బాపూ, శనివారం జగిత్యాల బడికి పోవాలె. కృపారాణి మేడం పిల్లలతోని వాయిపిచ్చి చూస్తదట. నచ్చితే జూన్ల వాళ్ల బడిల సంగీతం గది మొత్తం మన చాటలే. నచ్చకుంటె..." అక్షిత ఆగింది. "నచ్చకుంటె నేను మల్ల పట్నం పోవుడే."

"నచ్చుతది తియ్యి. రాగి ఉన్నకాడ రాగం ఉండదా!"

"నవ్వులాట కాదు. ఇయ్యాల నువ్వు సిరిసిల్ల పోయి జలపతి మామ దగ్గర మిగిలిన చాటలకు గుడ్డ పట్టుకరా. శనివారానికి మాత్రం గూట్లె ఉన్న మొదటిదే పట్టుకపోత. దాన్ని ఎవ్వలు ముట్టకుర్రి. అది అన్ని గుర్తుపెట్టుకుంటది."

"మీ అవ్వ లెక్కనే అన్నట్టు. పెండ్లినాడు నేనన్న మాట సుత..."

జోకు పూర్తి కాలేదు. సాయిలు చేతిలో గ్లాసు ఒరిగి చాయ్ మోకాలి మీద ఒలికింది. అటు గడప దగ్గర కత్తెర కూడా అదే క్షణంలో ఆగింది. కానీ ఎవరి గుట్టులో వాళ్లు ఉన్నారు, ఎవరూ ఎవరినీ చూడలేదు.

*

పదకొండు రోజుల కింద మొదలైంది అది.

చెట్టు దిగినా చెట్టు అలవాటు దిగలేదు. తెల్లారగట్ల నాలుగింటికే సాయిలుకు మెలకువ వస్తుంది. పెరట్లో నులక మంచం మీద, దుప్పటిలోంచి కాళ్లు బయట పెట్టి, ఆటో తీసే దాకా ఆకాశం చూస్తూ పడుకుంటాడు. ఆ రోజు నాలుగున్నర అయి ఉంటుంది. కొట్టంలోంచి వినబడింది.

టక టక టక్.

తరవాత ఏమీ లేదు. మళ్లీ: టక టక టక్. మళ్లీ ఏమీ లేదు.

పెద్ద చప్పుడు కాదు. ఎలుక అనుకోవచ్చు. కానీ ఎలుక లెక్కపెట్టదు. మూడు దెబ్బలు, తరవాత కాస్త ఖాళీ. ఎవరో ఒక మాట అని, జవాబు కోసం మొహంలోకి చూస్తున్నట్టుండే ఖాళీ అది. సాయిలు మంచం మీద లేచి కూర్చున్నాడు. ఆ ఖాళీ ఆయనకు తెలుసు.

పెద్ద కూతురు వనిత బడి నుంచి రాగానే తల్లికి ఎదురుగా చాట పెట్టుకుని కూర్చునేది. నడుము నొప్పి పుట్టినప్పుడు ఎల్లవ్వ చాట అంచు మీద మూడు దెబ్బలు వేసేది: టక టక టక్. తల ఎత్తకుండానే వనిత కత్తెరతో జవాబిచ్చేది: చిట్ చిట్. అదొక ఆట. ఏళ్ల తరబడి ఆడారు. కల్లు కుండలతో ఇల్లు చేరే సాయిలు గుమ్మంలోంచే అరిచేవాడు, "తల్లీబిడ్డలు తీగ లేని టెలిగ్రాం కొడుతున్నర్రో!" అని.

వనిత పోయి తొమ్మిదేళ్లు. పంతొమ్మిదేళ్ల పిల్ల, మూడు రోజుల జ్వరానికి పోయింది. ఆ తరవాత ఆ ఇంట్లో ఆమె పేరు ఎవరూ ఎత్తలేదు. ఎల్లవ్వ మొగుడిని "వనిత బాపూ" అని పిలిచేది. అది కూడా మానేసి "ఏమయ్యా"లోకి దిగింది. ఎత్తని పేరు బరువెక్కుతుంది. ఆ బరువు కింద ముగ్గురూ నోరు మూసుకుని బతికారు. సాయిలు మాత్రం నోరు తెరిచి బతికాడు, కానీ ఆ పేరు తప్ప అన్నీ అన్నాడు.

అక్షిత తన మొదటి వాయిద్యాన్ని వనిత వాడిన వెదురుచాట మీదే కట్టింది. కత్తెర చిటుకు కూడా వనిత కత్తెరదే.

ఆ తెల్లవారుజామున సాయిలు కొట్టం తలుపు తోశాడు. ఎవరూ లేరు. గూట్లో చాట, దాని అంచున పచ్చటి చుక్కంత దీపం. ఆయన చూస్తుండగానే, ఏ వేలూ ముట్టకుండానే, అది మోగింది. టక టక టక్. ఆగింది. ఎదురుచూసింది.

పారిపోవాలనే అనుకున్నాడు. కాళ్లు వెనక్కి వెళ్లాయి, చెయ్యి ముందుకు వెళ్లింది. కత్తెర ఉండే చోట గోటితో రెండుసార్లు తాకాడు.

చిట్ చిట్.

వనిత కత్తెర ఆయన వేలి కింద పలికింది. చాట ఊరుకుంది, వినాల్సింది విన్నట్టు.

మర్నాడు అదే వేళకు మళ్లీ పిలిచింది. ఈసారి ముందు రోజు తాను కొట్టిన రెండూ అందులో ఉన్నాయి. వాటి వెనక కొత్తగా మరో మూడు, ఆ తరవాత మళ్లీ ఖాళీ. అంటే జవాబు అందింది! అందుకుని ఇంకో మాట అడుగుతోంది! సాయిలు మళ్లీ రెండు తాకి, మంచం మీదికి వచ్చి కూర్చున్నాడు, భయంతోనా ఆశతోనా తెలియకుండా. అప్పటి నుంచి ఇద్దరి మధ్యా ఆ మాటలు పూసగుచ్చినట్టు పెరుగుతూ వచ్చాయి. ఎవరికీ చెప్పలేదు. పగలు జోకుల జోరు పెంచాడు, అంతే. చీకట్లో నడిచేవాడు గట్టిగా పాడుకున్నట్టు.

*

సిరిసిల్లలో బావమరిది జలపతి షెడ్డులో రెండు మరమగ్గాలు. అవి ఆడుతుంటే మనిషి మాట మనిషికి అందదు. సాయిలు వంటివాడు కూడా సైగలకు దిగాల్సిందే. జలపతి గుడ్డ తాను కట్టి ఇచ్చి, చెవి దగ్గర అరిచాడు.

"బావా! మొదటి గుడ్డల ఏసిన దారం ఇగ లేదని ఎల్లక్కకు చెప్పు! గియ్యి ఉత్త రాగితీగ, నూలు!"

"ఏ దారంరా?"

జలపతి ఆయన మొహం చూశాడు. లేచి వెళ్లి రెండు మగ్గాలూ ఆపాడు.

"నీకు తెల్వదా బావా? అక్క చెప్పొద్దన్నది. నీకెరుకనే అనుకున్న."

"చెప్పరా."

"వనిత బీడీలు కట్టే దారపుండ. గులాబి రంగుది. సగంల ఉండె గద, అట్లనే దాచిపెట్టిందట అక్క. 'బిడ్డ దారం సగంల ఆగొద్దు తమ్మీ, గీ చెల్లె గుడ్డల కలిపి నెయ్యి' అని పట్టుకచ్చింది. రాగితీగ పక్కపొంటి పోగుకు పోగు ఏసిన." జలపతి గొంతు తగ్గించాడు, మగ్గాలు వింటాయన్నట్టు. "ఇంకోటి బావా. నేస్తుంటె కరెంటు పోయింది. పక్క మగ్గం ఆగింది. గిది ఇంక మూడు దెబ్బలు ఏసి ఆగింది. చక్రం ఊపుకు ఒకటో రెండో ఏస్తది, నాకెరుకే. కని గా దినం మూడు ఏసింది."

"మూడా?"

"మూడే. ఏసి, ఎవ్వలకోసమో ఆగినట్టు ఆగింది."

వేములవాడ మీదుగా తిరుగు బస్సులో సాయిలు ఒక్క జోకు కూడా వేయలేదు. పక్క సీటు మనిషి టికెట్టు కింద పడేసుకుని వెతుక్కుంటుంటే, అంత మంచి సందర్భం కూడా వదిలేశాడు.

*

గురువారం తెల్లారగట్ల చాట పిలిచే వేళకు సాయిలు కొట్టంలోనే ఉన్నాడు. పీట వేసుకుని గూటి ముందు కూర్చున్నాడు. పచ్చటి చుక్క తప్ప అంతా చీకటి. గోడల్లో పాత కల్లు వాసన ఇంకా పోలేదు.

చాట మోగింది. ఇన్ని రోజుల సంభాషణంతా వినిపించి, చివర కొత్తగా మూడు దెబ్బలు వేసి ఆగింది.

"బిడ్డా," అన్నాడు సాయిలు. తొమ్మిదేళ్లలో ఆయన గుసగుసగా మాట్లాడటం ఇదే మొదలు. "బిడ్డా, నీకు యాదికున్నదా గా దినం?"

ఆయనకైతే గుర్తుంది. సాయంత్రం నలుగురూ అరుగు మీద ఉన్నారు. వనిత నుదురు పట్టుకుని, "బాపూ, తల నొస్తుంది" అంది. సాయిలు నోటి దాకా వచ్చిన మాటను ఎప్పుడు ఆపుకున్నాడు గనక! "తల ఉన్నోళ్లకే గద బిడ్డా నొచ్చేది! నీకు ఉన్నదని గిప్పుడు తెలిసె!" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. వనిత కూడా నవ్వి, లోపలికి వెళ్లి పడుకుంది. తెల్లారేసరికి ఒళ్లు పెనంలా కాలిపోతోంది. మూడో రోజు కరీంనగర్ ఆస్పత్రిలో డాక్టరు, "ఒక్క పూట ముందు తెస్తే" అన్నాడు.

ఆ ఒక్క పూటను ఒక్క జోకు మింగింది.

"నవ్వులాటకు అన్న బిడ్డా. నిజం నొప్పని నాకు తెల్వలే. తప్పయింది. నువ్వేమన్న అను, మూడు కాదు ముప్పై కొట్టు. జర ఏమన్న అను."

చాట ఏమీ అనలేదు. ఖాళీ ఖాళీగానే నిలబడి ఉంది, తన వంతు కోసం. ముక్కు తుడుచుకుని సాయిలు గోటితో రెండు తాకాడు. చిట్ చిట్.

*

శుక్రవారం పొద్దున అదే అరుగు, అదే చాయ్.

"బాపూ, రేపు ఎనిమిది గంటల బస్సు. ఇయ్యాల మొదటి చాట తుడిచి పెడుత" అంది అక్షిత.

"తుడుచుడంటె? బట్టతోనా?"

"బట్టతోని కాదు. దాని యాదిల ఉన్నదంత తీసేస్త. పిల్లల చేతికి ఖాళీది ఇయ్యాలె గద."

రస్కు విరిగి చాయ్‌లో మునిగింది.

"వద్దు!"

ఒక్క మాట రెండు నోళ్ల నుంచి వచ్చింది. సాయిలు ఎల్లవ్వను చూశాడు. ఎల్లవ్వ సాయిలును చూసింది.

"ఏంది వద్దు?" అంది అక్షిత.

"గది తీసుకపోకు బిడ్డా. ఇంకోటి తీసుకపో" అంది ఎల్లవ్వ.

"ఇంకోటేడిదవ్వా? గుడ్డ మొన్ననే వచ్చె. రోజు సాయంత్రం బడి పిల్లలతోని వాయిపిచ్చేటియి అట్టపెట్టె నమూనాలు. అవి మేడం ముంగట పెట్టుమంటవా?"

"అయితె పోకు. బడి ఏడికన్న పారిపోతదా? పిల్లలే గద పారిపోయేది..." సాయిలు జోకును ఎత్తలేక మధ్యలో దించేశాడు.

అక్షిత లేచి నిలబడింది. మొహం ఎర్రబడింది.

"నవ్వుర్రి. మీకు నా పని నవ్వులాట. చిప్ప అంటవు, చాట అంటవు, నేను సుత నవ్వుకుంట ఊకుంటున్న. ఆరు నెలల సంది మీరిద్దరు దాన్ని ఒక్కసారన్న ముట్టుకున్నరా? ఒక్కసారన్న ఒళ్లె పెట్టుకొని వాయించిన్రా?"

ఇద్దరూ తల దించుకున్నారు.

"అక్క చాట మీద ఎందుకు కట్టిన అనుకుంటున్నరు? ఈ ఇంట్ల అక్క పేరు తీసుకోవద్దు. తీసుకోకుంటెనేమో మీ ఇద్దరి కండ్లు నన్ను చూసినప్పుడల్లా నా ఎనుక ఎవ్వలో ఉన్నట్టు చూస్తయ్. గా చాట మీదన్న మాట్లాడుతరేమో అనుకున్న. మీకు పోయిన బిడ్డ కావాలె. ఉన్న బిడ్డ పట్నం పోయినా ఫరక్ లేదు!"

"గట్ల కాదు బిడ్డా!" సాయిలు గ్లాసు కింద పెట్టేశాడు. "మీ అక్కనే... మీ అక్కనే అండ్ల ఉన్నది. పొద్దుగాల నాలుగున్నరకు నన్ను పిలుస్తది."

ఎల్లవ్వ ఒళ్లోంచి కత్తెర జారి గచ్చు మీద పడింది. ఆ చప్పుడుకు ముగ్గురూ ఉలిక్కిపడ్డారు.

"నిన్ను సుతనా?" అంది ఎల్లవ్వ, ఊపిరితో. "నన్నేమో మాపటీలి, సాయంత్రం నాలుగున్నరకు పిలుస్తది. కార్ఖానల బీడీలిచ్చి ఇంటికి అచ్చే యాళ్లకు."

అక్షిత మెల్లగా తల్లి పక్కన కూర్చుంది.

"పిలిస్తె నువ్వేం చేస్తవ్ అవ్వా?"

"ఏం చేస్త? మూడు కొడుత. తొలినాడు ఊకెనే చేతికి తీసుకున్న. అది దాని చాట గద, వేళ్లు ఊకుంటయా? తెల్లారి మాపటీలికి అది నాకు జవాబిచ్చింది. కత్తెరతోని. గదే రెండు. గదే నా బిడ్డ."

"నువ్వు బాపూ?"

"రెండు" అన్నాడు సాయిలు. "గోటితోని."

అక్షిత కళ్లలో నీళ్లు తిరిగాయి. చెప్పకుండా ఉండిపోవచ్చు. చెప్పకపోతే ఆ ఇద్దరికీ రోజూ పొద్దునా సాయంత్రం ఒక బిడ్డ ఉంటుంది. కానీ అది తన చేతులతో తాను చేసిన వాయిద్యం. దాని పేరుతో అబద్ధం ఎలా ఆడుతుంది?

"బాపూ, కొత్తగ నేర్చుకునేటోళ్లు రెండు దినాలు వాయించి మూలకు పడేస్తరు. మూలకు పడ్డది మల్ల పిలువాలె అని, పన్నెండు గంటలు ఎవ్వలు ముట్టకుంటె మోగేటట్టు చేసిన. ఆఖరికి వాయించింది గుర్తుపెట్టుకొని గదే వాయిస్తది. దానికి ఎవ్వలన్న జవాబు కొడితె గది సుత కలుపుకుంటది." ఆమె తండ్రి చెయ్యి పట్టుకుంది. "పొద్దుగాల నిన్ను పిలిచింది అవ్వ, బాపూ. మాపటీలి అవ్వను పిలిచింది నువ్వు."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. సాయిలు మెదడులో అలవాటుగా ఏదో ఒక మాట ఇంకో మాట పక్కన చేరాలని చూసింది, చేరలేక విడిపోయింది. తొమ్మిదేళ్ల కింద ఆస్పత్రి మెట్ల మీద తగిలిన దెబ్బ మళ్లీ అదే చోట తగిలింది. వనిత లేదు. ఇన్ని రోజులూ ఉంది, ఇప్పుడు లేదు.

ఎల్లవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు తీసి మొగుడి వైపు తిరిగింది.

"వనిత బాపూ," అంది.

తొమ్మిదేళ్ల తరవాత ఆ పిలుపు. సాయిలు భుజాలు కదిలిపోయాయి.

"అయితె తెల్లారగట్ల చీకట్ల గక్కడ కూసున్నది నువ్వా? గంత భయంల, ఒక్కనివే కూసోని నా బిడ్డకు జవాబిచ్చినవా?"

"తప్పు ఒప్పుకుందామని ఎల్లీ. గా దినం నేను గా మాట అనకుంటె... తల నొస్తుందంటె నవ్వినోన్ని. నా నోటికే పోయింది బిడ్డ."

"నువ్వొక్కనివే అనుకుంటున్నవా? నేను నవ్వలేదా? నవ్వుకుంట ఇంకో బీడీ చుట్టిన. నుదురు మీద చెయ్యి పెట్టి సూద్దామని లేవలే. గా బీడీ నాకు ఇప్పటికీ కలల అస్తది వనిత బాపూ. చుట్టుత, ఇప్పుత, చుట్టుత."

"నేను సుత నవ్విన" అంది అక్షిత. "నాకు పదిహేడేండ్లు. మీరిద్దరు ఏడుస్తరని నేనెన్నడు చెప్పలే."

ముగ్గురూ ఒకరినొకరు కొత్తవాళ్లలా చూసుకున్నారు. తరవాత ఆ అరుగు మీద, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా ఎవరూ లేవకుండా, వనిత పేరు ఎత్తుకుని ముగ్గురూ ఏడ్చారు. ఆ పేరు ఎత్తుకున్న కొద్దీ తేలికైంది.

ఆ సాయంత్రం నాలుగున్నరకు ముగ్గురూ కొట్టంలో కూర్చున్నారు. చాట పిలిచింది. ఎల్లవ్వ మూడు కొట్టింది. సాయిలు రెండు తాకాడు. ఒకే చాట మీద, ఒకే వేళకు, ఎదురెదురుగా.

"ఇగ తుడువు బిడ్డా" అన్నాడు సాయిలు. "పిల్లలకు ఖాళీది ఇయ్యాలె గద."

పచ్చటి చుక్క ఒకసారి ఆరి మళ్లీ వెలిగింది.

*

శనివారం జగిత్యాల బడిలో, తరగతి మొత్తంలోకి సిగ్గరి పిల్లను పిలిచి కృపారాణి మేడం ఒళ్లో చాట పెట్టింది. పిల్ల భయం భయంగా వేలు ఆనించింది. కల్లు కుండ బుడబుడమంది. గది గదంతా గొల్లుమంది. పిల్ల కూడా నవ్వి, ఈసారి రెండు చేతులూ ఆనించింది. అరగంట తరవాత చాటను వాళ్ల దగ్గర్నుంచి లాక్కోవాల్సి వచ్చింది.

"జూన్ నాటికి గది ఖాళీ చేయిస్త. నువ్వు మాత్రం పట్నం పోకమ్మా" అంది మేడం.

అక్షిత చాట స్విచ్చి ఆపి, తువ్వాలు చుట్టి సంచిలో పెట్టింది. తండ్రితో బస్టాండుకు చేరాక సిమెంటు బల్ల మీద కూలబడి నుదురు పట్టుకుంది.

"బాపూ, తల నొస్తుంది."

మాట వచ్చేసింది. సాయిలు నాలుక చివర తయారుగా, తొమ్మిదేళ్ల కిందటి మెరుపుతో, అదే జోకు నిలబడింది. చుట్టూ జనం, బస్సుల హారన్లు, పల్లీలు అమ్మే కేక. అన్నీ దూరమైపోయాయి.

సాయిలు నోరు మూశాడు. అరచెయ్యి తీసి కూతురి నుదుటి మీద పెట్టాడు. తాటిచెట్టు గీతలున్న గరుకు చెయ్యి అక్కడి నుంచి కదలలేదు.

"ఎప్పటి సంది?"

"పొద్దుగాల్నుంచి. నిద్ర లేక బాపూ, ఏం కాదు..."

"నడువు."

"ఏడికి? బస్సు వస్తుంది!"

"బస్సు ఎన్కనుంచి ఇంకోటి అస్తది. నడువు బిడ్డా."

బస్టాండు ఎదురు దవాఖానలో డాక్టరు చూసి, జ్వరం లేదు, నిద్ర లేదు, అంతేనన్నాడు. సాయిలు ఆ మాట మూడుసార్లు చెప్పించుకున్నాడు. నాలుగోసారి డాక్టరే నవ్వాడు. సాయిలు నవ్వలేదు.

కోరుట్ల బస్సులో అక్షిత తండ్రి భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. సంచి సాయిలు ఒళ్లో ఉంది. కిటికీలోంచి తాటిచెట్లు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. ఒకప్పుడు పొద్దున్నే ప్రతి చెట్టునూ పేరు పెట్టి పలకరించేవాడు. ఇవాళ ఊరికే చూస్తున్నాడు.

డ్రైవరు తల మీద గడియారం నాలుగున్నర చూపిస్తోంది.

చిట్ చిట్.

సాయిలు ఒళ్లోకి చూసుకున్నాడు. తువ్వాలు మడతల్లోంచి, సంచిలోంచి. స్విచ్చి ఆపి ఉంది. లోపలున్నదంతా తుడిచేశారు. పిల్లలు వాయించి మూడు గంటలైనా కాలేదు. పైగా ముందు మూడు దెబ్బలు ఎవరూ కొట్టలేదు. అడగకుండానే వచ్చిన జవాబు అది.

అక్షితను లేపి అడగవచ్చు. బస్సు కుదుపుకు రెండు తీగలు కలిశాయనో, గుడ్డ చెమ్మ పట్టిందనో చెబుతుంది. అది నిజమే అయి ఉంటుంది. సాయిలు అడగలేదు. సంచిని కాస్త దగ్గరికి తీసుకుని, మీద అరచెయ్యి ఆనించాడు, ఇందాక నుదుటి మీద ఆనించినట్టే.

"ఇంటికే పోతున్నం బిడ్డా," అన్నాడు మెల్లగా.

"ఊఁ" అంది నిద్రలో అక్షిత.

సంచి మళ్లీ చప్పుడు చేయలేదు.